రెండున్నరేళ్ల బాబుకి ట్యాబ్ కొనేముందు

మీరు రాసింది ముందు ఒకసారి చెప్పుకుంటాను. బాబుకి రెండున్నరేళ్లు. మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్తారు, పగలంతా మీ అత్తగారు చూసుకుంటారు. అన్నం తినాలంటే ఫోన్ ఉండాల్సిందే. పగలు నాయనమ్మ ఫోన్, సాయంత్రం మీ ఫోన్. మధ్యలో ఎవరైనా కాల్ చేస్తే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు. అందుకని 15 వేలలోపు వాడికంటూ ఒక ట్యాబ్ కొనేద్దామనుకుంటున్నారు. ఆన్‌లైన్‌లో నాలుగు వేలకే ‘కిడ్స్ ట్యాబ్’ కనిపించింది. అమెరికాలో ఉన్న మీ ఆడపడుచు వచ్చేటప్పుడు అమెజాన్ ఫైర్ కిడ్స్ తెస్తానంటున్నారు. మీ వారేమో కొంటే ఐప్యాడే కొందాం, కొన్నేళ్లపాటు చూసుకోనక్కర్లేదు అంటున్నారు.

సూటిగా జవాబు ఇదీ: పేరున్న కంపెనీ మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్ తీసుకోండి. ఎనిమిది, తొమ్మిది అంగుళాల సైజు, 4 జీబీ ర్యామ్, వైఫై మాత్రమే ఉన్నది, పైన మందపాటి ఫోమ్ కవర్. మీ బడ్జెట్‌లో కవర్‌తో సహా వచ్చేస్తుంది. కానీ దానికి ‘బాబు ట్యాబ్’ అని పేరు పెట్టకండి. అది ఇంటి ట్యాబ్. మీ పేరు మీద ఉంటుంది, మీరు పెట్టిన చోట ఉంటుంది, మీరు ఇస్తే వాడి చేతికి వస్తుంది, టైమయ్యాక మళ్లీ బీరువా మీదికి వెళ్తుంది. ఏ మోడల్ కొన్నా పగ్గం ఎవరి చేతిలో ఉందన్నదే ఈ వయసులో ముఖ్యం. మోడల్ గురించి కూడా వివరంగా చెప్తాను, కానీ అది రెండో సంగతి.

నేను విజయవాడలో ఫోన్లు, ట్యాబ్లు అమ్మి, రిపేరు చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పిల్లల చేతిలో ట్యాబ్ ఎక్కడ విరుగుతుందో, ఏడాది తర్వాత ఏ రకం ఇంకా పనిచేస్తూ ఉంటుందో, ఏది మూలన పడిపోతుందో రోజూ చూస్తూనే ఉంటాను. పిల్లల డాక్టర్‌ని కాను. అందుకే ఆరోగ్యం విషయంలో డాక్టర్ల సంఘాలు చెప్పిన మాటే చెప్తాను.

ముందు వయసు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దు, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021 సూచనలు కూడా ఇదే చెప్తాయి. రెండేళ్లలోపు పిల్లలకైతే దూరాన ఉన్న బంధువులతో ఎప్పుడైనా వీడియో కాల్ తప్ప ఏమీ వద్దని వాళ్ల మాట. మీ బాబు రెండు దాటాడు కాబట్టి గంట వరకు ఫరవాలేదు. అయితే ఆ గంటలో నాయనమ్మ ఫోన్, మీ ఫోన్, హాల్లో టీవీ అన్నీ కలుస్తాయి. ట్యాబ్ వచ్చాక దానికో గంట అదనంగా ఇస్తే లెక్క తప్పినట్టే. ట్యాబ్ వచ్చిన రోజు నుంచి ఫోన్లు వాడి చేతికి వెళ్లడం ఆగాలి. అలా ఆగుతుందనుకుంటేనే ట్యాబ్ కొనడంలో అర్థం ఉంది.

అన్నం విషయం కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. ట్యాబ్ కొనాలనుకోవడానికి మీరు చెప్పిన మొదటి కారణం అదే, కానీ ట్యాబ్ ఆ సమస్యని తీర్చదు, పెద్ద స్క్రీన్ మీదికి మారుస్తుంది అంతే. బొమ్మ చూస్తూ నోరు తెరిచే పిల్లాడికి కడుపు నిండిందో లేదో వాడికే తెలియదు. ఏం తింటున్నాడో, దాని రుచేంటో కూడా గమనించడు. ముద్ద బుగ్గలో అలాగే పెట్టుకుని గంటసేపు కూర్చునేది కూడా అందుకే. ట్యాబ్ వచ్చే ముందే భోజనానికీ స్క్రీన్‌కీ లంకె తెంచండి. ఒక్కసారిగా తెంచితే మీ అత్తగారికి నరకంగా ఉంటుంది కాబట్టి ముందు ఒక పూట, ఇంట్లో అందరూ ఉండే రాత్రి భోజనం నుంచి మొదలుపెట్టండి. వాడిని మీతో పాటే కూర్చోబెట్టండి, కంచంలో కొద్దిగా పెట్టి చేత్తో కెలుక్కోనివ్వండి. నాలుగు రోజులు తక్కువ తింటాడు. బాగా ఆడుకునే, బరువు సరిగ్గా ఉన్న పిల్లాడు ఆ మాత్రానికి నీరసపడిపోడు. అనుమానంగా ఉంటే మీ డాక్టర్‌ని ఒకసారి అడగండి. ఈ పని సగమైనా అయ్యాకే ట్యాబ్ ఇంటికి తెచ్చుకోండి.

ఇక ఆ నాలుగు వేల కిడ్స్ ట్యాబ్. దయచేసి దాన్ని కార్ట్‌లోంచి తీసేయండి. రంగురంగుల కవర్, కుందేలు చెవులు, ‘వంద లెర్నింగ్ యాప్స్’ అని రాసిన అట్టపెట్టె, లోపల మాత్రం ఒక జీబీ, రెండు జీబీ ర్యామ్, ఎప్పుడో అప్‌డేట్లు ఆగిపోయిన ఆండ్రాయిడ్. వీడియో తెరవడానికి అది తీసుకునే సమయంలో రెండున్నరేళ్ల వాడు స్క్రీన్ మీద పదిసార్లు కొడతాడు. ఆ పది దెబ్బలకీ పది కిటికీలు తెరుచుకుంటాయి, ట్యాబ్ బిగుసుకుపోతుంది, వాడికి కోపం వస్తుంది, ట్యాబ్ నేలకేసి కొడతాడు. పిల్లలకి ఏదైనా సరిపోతుందిలే అనుకుంటాం గానీ, పెద్దవాళ్లకన్నా వాళ్లకే వేగంగా స్పందించే స్క్రీన్ కావాలి. వాళ్లకి ఆగడం ఇంకా రాదు.

వేగం ఒక్కటే కాదు, భద్రత కూడా చూడాలి. 2023 నవంబరులో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ, అమెజాన్‌లో అమ్ముడవుతున్న డ్రాగన్ టచ్ అనే చవక కిడ్స్ ట్యాబ్‌ని విప్పి పరీక్షించింది. అందులో మాల్వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్ ఆనవాళ్లు, ఫ్యాక్టరీ నుంచే ఎక్కించి పంపిన అనుమానాస్పద సాఫ్ట్‌వేర్, పాత ఆండ్రాయిడ్ కనిపించాయి. పిల్లల కోసమని పేరు పెట్టినంత మాత్రాన లోపల పిల్లల కోసం ఆలోచించినట్టు కాదు. పేరు వినని కంపెనీది ఏదైనా చేతికొస్తే రెండు పరీక్షలు చేయండి. ఒకటి, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద ‘ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్’ అనే వరుస ఉంటుంది, అక్కడ సర్టిఫైడ్, అంటే గూగుల్ పరీక్షించి ఒప్పుకుంది అని ఉండాలి. రెండు, ట్యాబ్ మీద, ఛార్జర్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్, అంటే మన దేశ ప్రమాణాల సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది నిజంగా ఏ కంపెనీదో చూపిస్తుంది. ఛార్జర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. నంబరు లేని ఛార్జర్ చిన్నపిల్లలున్న ఇంట్లో ప్లగ్గులో పెట్టొద్దు.

సైజు దగ్గరికి వద్దాం. షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది పెద్ద స్క్రీన్ కళ్లకి మంచిదని 11 అంగుళాలది చూస్తారు. బడికెళ్లే పిల్లలకి అది సరే. మీ వాడి వయసుకి బరువు చూడాలి. ఉదాహరణకి సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 స్క్రీన్ 8.7 అంగుళాలు, బరువు 332 గ్రాములు. దాని అన్న ఏ9 ప్లస్ 11 అంగుళాలు, 480 గ్రాములు. ఫోమ్ కవర్ తగిలిస్తే ఇంకా పెరుగుతుంది. ఈ వయసు పిల్లలు రెండు చేతులతో అంచులు పట్టుకుని గుండెకి ఆనించుకుని నడుస్తారు. మధ్యలో ఎవరైనా పిలిస్తే ఒక చెయ్యి వదిలేస్తారు, బరువుకి రెండో చెయ్యి జారిపోతుంది. పడేది ఎప్పుడూ మూల మీదే, చాలాసార్లు వాళ్ల కాలి వేళ్ల మీద. అరకిలో దాటిన వస్తువు ఆ చిన్న పాదం మీద పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఏడు అంగుళాలకన్నా చిన్నది కూడా వద్దు, అది ఫోనే అవుతుంది, ముఖానికి దగ్గరగా పెట్టుకుంటారు.

ర్యామ్ 4 జీబీకి తగ్గొద్దు. స్టోరేజ్ 64 జీబీ చాలు, మెమరీ కార్డు వేసుకునే వీలుంటే మరీ మంచిది, ప్రయాణాల్లో చూపించడానికి మీరే వీడియోలు ఎక్కించి పెట్టుకోవచ్చు. సిమ్ ఉన్న మోడల్‌కి రెండు మూడు వేలు ఎక్కువ పెట్టొద్దు. సిమ్ లేకపోవడం ఇక్కడ లాభం: ఇంట్లో వైఫై ఆపేస్తే నెట్ ఆగిపోతుంది, బయటికెళ్తే మీరు ఎక్కించిందే ఉంటుంది. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్, ప్రాసెసర్ ఏది అన్న లెక్కలు మీకు ఇప్పుడు అక్కర్లేదు.

మా టేబుల్ మీదికి వచ్చే పిల్లల ట్యాబ్లలో పగిలిన స్క్రీన్ల తర్వాత ఎక్కువగా వచ్చేవి ఛార్జింగ్ పోర్టు పోయినవి. ఇది కొనేటప్పుడు ఎవరూ అడగరు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సి-టైప్ పోర్టు లోపల మధ్యలో సన్నటి పలక ఒకటి నాలుకలా ఉంటుంది, దాని మీదే రాగి గీతలుంటాయి. పిల్లాడు ఛార్జింగ్‌లో ఉన్న ట్యాబ్‌ని లాగితే పిన్ను అడ్డంగా తిరిగి ఆ పలక వంగుతుంది. భూతద్దం కింద పెడితే లోపల ఇంకో సంగతి కనిపిస్తుంది: బిస్కెట్ పొడి, దాని మీద చొల్లు పడి ముద్దయి, గట్టిపడి, రాగి గీతలకి ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంటుంది. ఇంట్లో వాళ్లు అది చూడకుండా ఛార్జర్ గట్టిగా గుచ్చుతారు, పలక విరుగుతుంది. అందుకే కవర్ కొనేటప్పుడు పోర్టుకి రబ్బరు మూత ఉన్నది వెతకండి. ఛార్జింగ్‌లో ఉండగా ట్యాబ్ వాడి చేతికి ఇవ్వకండి. ఇది పోర్టు కోసమే కాదు, వైరు నోట్లో పెట్టుకునే వయసు అది. రాత్రి వాడు పడుకున్నాక, అందని చోట ఛార్జింగ్ పెట్టుకోండి. పోర్టులో ఏదైనా ఇరుక్కుంటే పిన్నీసుతో కెలక్కండి, మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి, రాకపోతే షాపుకి తీసుకెళ్లండి.

పాలు ఒలికినా, నీళ్లు ఒలికినా ముందు స్విచ్ ఆఫ్ చేయండి. తుడిచి, పోర్టు కిందికి ఉండేలా నిలబెట్టండి. ఛార్జింగ్ పెట్టి చూద్దాం అనే ఆత్రమే బోర్డుని కాలుస్తుంది. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, పొడి, గింజలు పోర్టులోకి పోతాయి తప్ప లోపలి తడి ఆరదు. పాలు, జ్యూస్ అయితే పైకి ఆరినట్టు కనిపించినా లోపల చక్కెర మిగిలి మెల్లగా తినేస్తుంది కాబట్టి విప్పి శుభ్రం చేయించాల్సిందే.

కవర్ అంటే ఈవీఏ అనే మెత్తటి ఫోమ్‌ది, వెనక పట్టుకునే హ్యాండిల్ ఉండి, ఆ హ్యాండిలే స్టాండ్‌గా మడిచేది తీసుకోండి. మీ మోడల్ పేరు మీదే చేసింది కావాలి, ‘యూనివర్సల్’ కవర్లు పడ్డప్పుడు ఊడిపోతాయి. మూలల దగ్గర ఫోమ్ స్క్రీన్‌కన్నా ఎత్తుగా లేవాలి, బోర్లా పడ్డా అద్దం నేలకి తగలకూడదు. వాసన ఘాటుగా వస్తే వెనక్కిచ్చేయండి. కొరికే అలవాటుంటే ఫోమ్ ముక్కలు ఊడుతున్నాయేమో వారానికోసారి చూడండి. స్క్రీన్ మీద టెంపర్డ్ గ్లాస్ వేయించుకోవచ్చు, కానీ అంచు చిట్లిన రోజే తీసేయాలి. సన్నటి పెంకులు వేళ్లకి గుచ్చుకుంటాయి. ‘బ్లూ లైట్ గ్లాస్’ అని రెట్టింపు ధర చెప్తే వద్దనండి. కంప్యూటర్ వాడకానికి బ్లూ లైట్ అద్దాలు అక్కర్లేదని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ, అంటే అక్కడి కంటి డాక్టర్ల సంఘమే చెప్తోంది. కంటికి మేలు చేసేది స్క్రీన్‌ని దూరంగా, స్టాండ్ మీద పెట్టడం, రోజూ పగటి వెలుతురులో ఆరుబయట ఆడించడం. ఆరుబయట ఎక్కువగా ఆడే పిల్లల్లో దూరపు చూపు మందగించే సమస్య తక్కువని పరిశోధనల్లో తేలిన విషయం.

మోడళ్లు. మీ బడ్జెట్‌లో నా మొదటి ఓటు సామ్‌సంగ్ చిన్న ట్యాబ్‌కే. ఏ9 వైఫై మోడల్ 2023 అక్టోబరులో వచ్చినప్పుడు 12,999 రూపాయలు. తర్వాత దాని స్థానంలోకి ఏ11 వచ్చింది, అదీ 8.7 అంగుళాలదే. రెండిట్లో ఏది దొరికినా సరే, కొత్తదైతే అప్‌డేట్లు ఎక్కువకాలం వస్తాయి. ధరలు సేల్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి, కొనేరోజు చూసుకోండి. సామ్‌సంగ్‌ని ముందు పెట్టడానికి కారణం అందులో ఉండే ‘సామ్‌సంగ్ కిడ్స్’. పైనుంచి కిందికి లాగితే వచ్చే బటన్లలోనే అది ఉంటుంది, నొక్కగానే ట్యాబ్ మొత్తం పిల్లల తెరగా మారిపోతుంది. మీరు ఎంచిన యాప్స్ తప్ప ఏవీ కనిపించవు, బయటికి రావాలంటే పిన్ కొట్టాలి. రోజుకి ఎంతసేపో అందులోనే పెట్టొచ్చు. మీ అత్తగారికి నేర్పడానికి ఇంతకన్నా తేలికైనది ఇంకోటి లేదు: ఒక్క బటన్, ఒక్క పిన్. లెనోవో ఎం9 కూడా ఈ కోవలోదే, 9 అంగుళాలు, 344 గ్రాములు, గూగుల్ వాళ్ల పిల్లల తెర ‘కిడ్స్ స్పేస్’ ఉంటుంది. తక్కువ ర్యామ్‌ది కూడా అదే పేరుతో అమ్ముతారు కాబట్టి 4 జీబీ అని చూసి తీసుకోండి.

ఐప్యాడ్ మంచి వస్తువు, అందులో అనుమానం లేదు. ఏళ్ల తరబడి అప్‌డేట్లు వస్తాయి, స్క్రీన్ తాకితే వెంటనే పలుకుతుంది. కానీ 2025లో వచ్చిన మామూలు ఐప్యాడే మన దగ్గర 34,900తో మొదలైంది, బరువు అరకిలోకి దగ్గర, మెమరీ కార్డు లేదు, ఒకే ఐప్యాడ్‌లో మీకూ పిల్లలకీ వేర్వేరు ఖాతాలు పెట్టే వీలు లేదు. అద్దం పగిలితే అయ్యే ఖర్చుకి ఇంకో చిన్న ఆండ్రాయిడ్ ట్యాబ్ వచ్చేస్తుంది. ఇంట్లో ఇప్పటికే పాత ఐప్యాడ్ ఉండి, ఇంకా అప్‌డేట్లు వస్తుంటే మాత్రం కొత్తది కొనొద్దు, అదే వాడండి. అందులో సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ కింద ‘గైడెడ్ యాక్సెస్’ అని ఉంది. దాన్ని ఆన్ చేసి, ఒక యాప్ తెరిచి హోమ్ బటన్‌ని, అది లేని మోడల్లో పై బటన్‌ని మూడుసార్లు నొక్కితే ట్యాబ్ ఆ యాప్‌కే కట్టేసినట్టు ఉంటుంది. స్క్రీన్ మీద ఏ భాగం తాకినా పనిచేయకూడదో వేలితో సున్నా చుట్టి చెప్పొచ్చు కూడా. వీడియో కింద వచ్చే ఇతర బొమ్మల వరుసని అలా మూసేయడం చాలా బాగా పనికొస్తుంది. మీ వారికి ఈ మాట చెప్పండి: ఐప్యాడ్ బాబు బడికెళ్లి చదవడం మొదలుపెట్టాక కొందాం అని.

ఫైర్ కిడ్స్ గురించి. అమెరికాలో ఉండేవాళ్లకైతే నేను కూడా అదే కొనమంటాను. మందపాటి కవర్‌తో వస్తుంది, రెండేళ్లలో పిల్లలు ఎలా విరగ్గొట్టినా మార్చిస్తామని గ్యారంటీ ఇస్తారు, పిల్లల పుస్తకాలు, వీడియోల చందా కూడా కలిపి ఇస్తారు. ఇక్కడికి తెస్తే అందులో చాలావరకు అక్కరకి రాదు. ఫైర్ ట్యాబ్లు ఇప్పుడు మన దేశంలో అధికారికంగా అమ్మరు, కాబట్టి గ్యారంటీ కింద మార్చుకోవాలంటే అమెరికా పంపాలి, విడిభాగాలు దొరకవు. గూగుల్ ప్లే స్టోర్ ఉండదు, పిల్లల చందా అమెరికా ఖాతాకి ముడిపడి ఉంటుంది. పక్కదారిలో ప్లే స్టోర్ ఎక్కించుకోవచ్చని చెప్పేవాళ్లుంటారు, పిల్లల ట్యాబ్‌లో ఆ ప్రయోగాలు వద్దు. మీ ఆడపడుచుని చెక్క బిల్డింగ్ బ్లాకులో, గట్టి అట్టల బొమ్మల పుస్తకాలో తెమ్మనండి. అక్కడ అవి చాలా బావుంటాయి, ఆవిడ మనసూ నొచ్చుకోదు.

ఇంట్లో మూలన పడున్న పాత ఫోనో ట్యాబో వాడుదామనుకుంటే ముందు దాన్ని టేబుల్ మీద పెట్టి పక్కనుంచి చూడండి. వెనక మూత ఉబ్బినట్టున్నా, స్క్రీన్ ఒక పక్క లేచినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అది పిల్లల చేతికి అస్సలు ఇవ్వకూడదు, ఛార్జింగ్ కూడా పెట్టకూడదు. బ్యాటరీ బావుంటే మొత్తం రీసెట్ చేసి, మీ బ్యాంకు యాప్స్, వాట్సాప్ ఏవీ లేకుండా చేసి ఇవ్వొచ్చు.

ట్యాబ్ ఇంటికొచ్చాక దాన్ని వెంటనే వాడికి చూపించకండి. ఒక సాయంత్రం, వాడు పడుకున్నాక, మీరిద్దరూ కూర్చుని సిద్ధం చేయండి. గూగుల్ ‘ఫ్యామిలీ లింక్’లో వాడి పేరున పిల్లల ఖాతా తెరిచి మీ ఫోన్‌కి కలుపుకోండి. రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలి అన్నది మీ ఆఫీసు నుంచే మార్చొచ్చు, కొత్త యాప్ ఏది ఎక్కాలన్నా మీ ఫోన్‌కి అనుమతి అడుగుతుంది. ప్లే స్టోర్‌లో కార్డు, యూపీఐ ఏవీ జోడించొద్దు. సామ్‌సంగ్ కిడ్స్‌కి పెట్టే పిన్ వాడు చూస్తుండగా కొట్టొద్దు. ఈ వయసు పిల్లలకి అంకెలు రాకపోయినా వేలు ఎటు వెళ్లిందో గుర్తుంటుంది.

మామూలు యూట్యూబ్ యాప్‌ని ఆపేయండి, కనిపించకుండా చేయండి. యూట్యూబ్ కిడ్స్ పెట్టండి, కానీ పెట్టి వదిలేయకండి. వాడి ప్రొఫైల్‌లో ‘ప్రీస్కూల్’ అని ఎంచుకుంటే నాలుగేళ్లలోపు వాళ్లవి వస్తాయి, అయినా ఎంపిక కంప్యూటర్‌దే. ఇంకో దారి ఉంది: మీరు అనుమతించినవి మాత్రమే చూపించమని చెప్పొచ్చు. అప్పుడు వెతికే పెట్టె కూడా మాయమవుతుంది, మీరు ఎంచిన చానళ్లు, వీడియోలు తప్ప ఏదీ రాదు. మీరు పెట్టాల్సింది ఇదే. నెమ్మదిగా సాగే, మనిషి ముఖం కనిపించే, తెలుగులో మాట్లాడే వీడియోలు ఓ పదిహేను ఎంచండి. ముందు మీరు పూర్తిగా చూడండి. కళ్లు చెదిరేలా క్షణానికో రంగు మారేవి, పెట్టెలు విప్పుతూ బొమ్మలు అమ్మేవి పక్కన పెట్టేయండి. తక్కువ వీడియోలుంటే విసుగొస్తుందేమో అనుకుంటారు. ఈ వయసులో చూసిందే చూడటం వాళ్లకి ఇష్టం. ఒకదాని తర్వాత ఒకటి తనంతట అదే వచ్చే ఆటోప్లే ఆపేసి ఉందో లేదో కూడా చూసుకోండి.

యాప్స్‌లో ఖాన్ అకాడమీ కిడ్స్ ఒకటి చాలు. ఉచితం, ప్రకటనలు లేవు, రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వాళ్ల కోసం చేసింది. మాట ఇంగ్లీషులో ఉంటుంది, పక్కన కూర్చున్నవాళ్లు తెలుగులో చెప్పుకోవాలి. తెలుగు కథలకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ ఉంది, బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదవొచ్చు, దించుకోవచ్చు. మీ అత్తగారు చదివి వినిపించడానికి బావుంటుంది, మొదటి స్థాయి పుస్తకాల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. ఉచిత ఆటలు ఎక్కించాల్సి వస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి, నెట్ లేకపోతే మధ్యలో ప్రకటనలు దూరవు. నెట్ లేకుండా నడవని ఆట తీసేయండి.

ఇంకో పని చేయండి. మీ ఊళ్లో వాళ్ల ఫొటోలు, మీ నాన్నగారు ఆవుని పిలుస్తున్న వీడియో, అమ్మమ్మ చెప్పిన చిన్న కథ, బాబు మొదటి పుట్టినరోజు, ఇవన్నీ ఒక ఆల్బమ్‌గా ట్యాబ్‌లో పెట్టండి. చిన్నపిల్లలు స్క్రీన్ మీద చూసినదానికన్నా ఎదురుగా ఉన్న మనిషి చూపించినదాన్నే బాగా నేర్చుకుంటారని పరిశోధకులు పదేపదే చూశారు. తెలిసిన ముఖాలున్న వీడియో చూపిస్తూ ‘వీళ్లెవరు, ఆవు ఏమంది’ అని మీరు అడుగుతుంటే ఆ తేడా తగ్గుతుంది. నాకు తెలిసిన చాలా ఇళ్లలో పిల్లలు ఏ కార్టూన్‌కన్నా ఎక్కువగా అడిగేది ఈ ఆల్బమే. అమెరికాలో ఉన్న మేనత్తతో వీడియో కాల్ కూడా ట్యాబ్‌లోనే పెట్టండి.

ఇయర్‌ఫోన్స్ వద్దు, స్పీకరే మంచిది. ఏం వింటున్నాడో మీ అత్తగారి చెవిన కూడా పడాలి.

కొంతమంది ట్యాబ్ బదులు ఎల్‌సీడీ రైటింగ్ ప్యాడ్ కొనమని మీకు చెప్పే ఉంటారు, రెండు మూడు వందలకి దొరుకుతుంది, పుల్లతో గీస్తే ఆకుపచ్చగా పడి బటన్ నొక్కితే చెరిగిపోయేది. నేను కూడా కొనమంటాను, ట్యాబ్‌తో పాటు. ప్రయాణాల్లో, హోటళ్లలో అది చాలాసేపు ఆడిస్తుంది. కానీ లోపల రూపాయి బిళ్లంత బటన్ బ్యాటరీ ఉంటుంది. దాని మూతకి స్క్రూ ఉండాలి, స్క్రూ బిగించి ఉండాలి. గోటితో తెరుచుకునే మూతయితే ఇంట్లోకి రానివ్వొద్దు. బటన్ బ్యాటరీ మింగి గొంతు కింద ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. మింగాడన్న అనుమానం వచ్చినా కక్కించే ప్రయత్నం చేయకుండా, ఏడుపు ఆగిందని ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. మీ అత్తగారికి ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి. రిమోట్లు, గోడ గడియారాలు, పాటలు పాడే బొమ్మల విషయంలో కూడా ఇంతే జాగ్రత్త.

ఇచ్చేటప్పటికన్నా తిరిగి తీసుకునేటప్పుడే గొడవ వస్తుంది. వీడియో మధ్యలో లాక్కుంటే ఏ పిల్లాడైనా ఏడుస్తాడు. ‘ఇది అయిపోయాక ట్యాబ్ బజ్జుంటుంది’ అని ముందే చెప్పండి, అయ్యాక ట్యాబ్‌ని బీరువా మీద పెట్టడం వాడి చేతే మొదలుపెట్టించండి, మీరు ఎత్తుకుంటే వాడే పైన పెడతాడు. వెంటనే చేతికి ఇంకో పని ఉండాలి: మొక్కలకి నీళ్లు, ఉల్లిపాయలు బుట్టలో వేయడం, ఏదైనా సరే. రోజూ ఒకే టైమ్ ఉంటే అడగడం తగ్గుతుంది. మీ ఇంట్లో సాయంత్రం మీరు వచ్చాక అరగంట, మీ పక్కనే కూర్చుని చూసేలా పెడితే బావుంటుందని నా ఆలోచన. పగలు మీ అత్తగారికి స్నానం, వంట ఉంటాయి కాబట్టి ఇంకో ఇరవై నిమిషాలు ఆవిడ చేతిలో ఉంచండి, దాన్ని ఎప్పుడు వాడుకోవాలో ఆవిడకే వదిలేయండి. పడుకునే ముందు గంట మాత్రం ఏదీ వద్దు.

కొనే రోజు గురించి నాలుగు మాటలు. బిల్లు మీద సీరియల్ నంబరు ఉందో లేదో చూడండి. పెట్టె విప్పగానే తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ ఒక్కోటి పూర్తి స్క్రీన్ మీద పెట్టి చుక్కలున్నాయేమో వెతకండి, స్క్రీన్ నాలుగు మూలల్లో వేలితో గీసి టచ్ పనిచేస్తోందో చూడండి, ఛార్జింగ్ పిన్ను వదులుగా లేదు కదా అని కదిపి చూడండి. ఇవన్నీ వెనక్కిచ్చే గడువు లోపలే అయిపోవాలి. మామూలు వారంటీ పగిలిన స్క్రీన్‌కి వర్తించదు, దానికి యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ వేరే ఉంటుంది. కంపెనీదే అయి, ట్యాబ్ ధరలో పదో వంతు లోపు అయితే మొదటి ఏడాదికి తీసుకోండి. షాపు వాళ్లు సొంతంగా రాసిచ్చే కాగితం ప్లాన్ల జోలికి వెళ్లకండి, క్లెయిమ్ చేయబోతే షరతులు బయటికొస్తాయి. కవర్ కూడా ట్యాబ్‌తో పాటు అదే రోజు చేతికి రావాలి. కవర్ రాకుండా ట్యాబ్ వాడి చేతికి ఇవ్వొద్దు.